తల తడిమి స్వభావం చెప్పిన వృత్తి: ఫ్రెనాలజీ చరిత్ర

తలపై ఎత్తుపల్లాలను వేళ్లతో తడిమి, మనిషి స్వభావాన్ని, తెలివితేటలను, బలహీనతలను చెప్పే విద్యకు ఫ్రెనాలజీ అని పేరు. 18వ శతాబ్దం చివర వియన్నాలో ఒక వైద్యుడి పరిశోధనగా మొదలైన ఈ విద్య, ఆ తర్వాతి యాభై ఏళ్లలో యూరప్, అమెరికాల్లో పెద్ద వ్యాపారంగా పెరిగింది. దానికి దుకాణాలు, మాసపత్రికలు, ఊరూరా తిరిగే ఉపన్యాసకులు, గీతలు గీసిన పింగాణీ తలలు, ఉద్యోగానికి చూపించే స్వభావ పత్రాలు ఏర్పడ్డాయి. మామూలు జనం తమ గురించి తాము తెలుసుకోవడానికి డబ్బిచ్చి కొనుక్కున్న తొలి మనస్తత్వశాస్త్రాల్లో ఇది ముఖ్యమైనది. శాస్త్రంగా దానికి దక్కిన గౌరవం కొద్ది దశాబ్దాలకే పోయింది. వృత్తిగా మాత్రం అది వందేళ్లకు పైగా నడిచింది. శాస్త్రం కూలిపోయాక కూడా వృత్తి ఎందుకు నిలిచిందో తెలియాలంటే తల చూసినవారి కంటే తల చూపించుకున్నవారిని ఎక్కువగా పరిశీలించాలి.

గాల్ సిద్ధాంతం

ఫ్రెనాలజీకి మూలపురుషుడు ఫ్రాంజ్ జోసెఫ్ గాల్. 1758లో నేటి జర్మనీలోని టీఫెన్‌బ్రాన్‌లో పుట్టాడు. స్ట్రాస్‌బర్గ్‌లోను, వియన్నాలోను వైద్యం చదివి 1785లో పట్టా పుచ్చుకున్నాడు. బడిలో చదివే రోజుల్లో పాఠాలు సులువుగా కంఠతా పట్టే పిల్లలకు కళ్లు ముందుకు పొడుచుకు వచ్చినట్లు ఉండేవని అతను గమనించాడట. మాటల జ్ఞాపకానికి మెదడులో ప్రత్యేక స్థానం ఉండి, అది పెరిగినప్పుడు కళ్లను ముందుకు తోస్తుందేమో అనే ఊహ అక్కడి నుంచే మొదలైందని తర్వాత చెప్పుకున్నాడు.

1796 నుంచి వియన్నాలోని తన ఇంట్లోనే ఈ విషయంపై ఉపన్యాసాలు ఇచ్చాడు. అతని వాదం అయిదు మెట్లుగా సాగుతుంది. మనసుకు ఆధారం మెదడు. మనసు ఒకే శక్తి కాదు, అనేక శక్తుల కలయిక. ఒక్కో శక్తికి మెదడులో ఒక్కో అవయవం ఉంటుంది. అవయవం ఎంత పెద్దదైతే ఆ శక్తి అంత ఎక్కువ. పుర్రె మెదడు ఆకారాన్నే అనుసరిస్తుంది కాబట్టి, పైనుంచి తడిమితే లోపలి అవయవాల పరిమాణం తెలుస్తుంది. మొదటి మెట్టును నేటి శాస్త్రం పూర్తిగా ఒప్పుకుంటుంది. రెండు, మూడు మెట్లలోనూ కొంత నిజం ఉంది. చివరి రెండూ తప్పు. డబ్బు తెచ్చిపెట్టింది ఆ చివరి రెండే.

గాల్ మొత్తం 27 శక్తులను గుర్తించాడు. వాటిలో 19 జంతువులకూ ఉంటాయని, వివేకం, హాస్యం, కవిత్వం, దయ, దైవభక్తి, పట్టుదల వంటి 8 మనిషికే ప్రత్యేకమని చెప్పాడు. వీటి స్థానాలను నిర్ణయించడానికి చెరసాలలు, పిచ్చాసుపత్రులు, బడులు తిరిగాడు. 1802 నాటికి అతని దగ్గర సుమారు 300 పుర్రెలు, వంద దాటిన తలల అచ్చులు పోగయ్యాయి.

సేకరణలో చూపిన ఓపిక నిరూపణలో కనిపించదు. చెవి పైభాగంలో ‘చంపే గుణం’ ఉందని తేల్చడానికి అతను చూపిన ఆధారాలు ఇలా ఉంటాయి: మాంసాహార జంతువుల తల అక్కడ వెడల్పుగా ఉంటుంది, జంతువులను హింసించడంలో ఆనందపడి, తర్వాత శస్త్రవైద్యుడైన ఒక విద్యార్థికి అక్కడ ఉబ్బు ఉంది, మందుల అంగడి వదిలి తలారిగా మారిన ఒకతనికీ ఉంది. ఆ ఉబ్బు ఉండీ చీమకైనా హాని తలపెట్టనివారు ఎందరు, ఉబ్బు లేకుండానే హంతకులైనవారు ఎందరు అన్న లెక్క అతను వేయలేదు. నమ్మినదానికి సరిపోయే ఉదాహరణలే కంటికి ఆనడం, సరిపోనివి జారిపోవడం మనుషులందరిలో ఉన్న అలవాటు. పుర్రెల గది నిండేకొద్దీ గాల్ నమ్మకం గట్టిపడిందే గాని దానికి పరీక్ష ఎదురుకాలేదు.

మనసును మాంసపు ముద్దగా మార్చే బోధ మతానికి, నీతికి ముప్పని భావించిన చక్రవర్తి రెండవ ఫ్రాన్సిస్ 1801 డిసెంబరులో ఈ ఉపన్యాసాలను నిషేధించాడు. నిషేధంతో పేరు ఇంకా పాకింది. 1805లో గాల్ తన శిష్యుడు యోహాన్ గాస్పర్ స్పుర్జైమ్‌తో వియన్నా వదిలి, యూరప్ నగరాల్లో ఉపన్యాసాలిస్తూ, చెరసాలల్లో ఖైదీల తలలు చూస్తూ 1807లో పారిస్ చేరాడు. అక్కడి శాస్త్ర సంస్థకు 1808లో సమర్పించిన పత్రాన్ని ప్రకృతి శాస్త్రవేత్త కువియే తదితరుల సంఘం మెచ్చలేదు. 1810 నుంచి 1819 వరకు నాలుగు సంపుటాల మహాగ్రంథం వెలువరించి, 1828లో గాల్ మరణించాడు. అతని కోరిక ప్రకారం అతని పుర్రెను కూడా అతను పోగుచేసిన పుర్రెల వరుసలోనే చేర్చారు.

నిర్ధారణ నుంచి సంస్కరణకు

గాల్ చెప్పిన విద్య చాలావరకు నిర్ధారణే. ఒకడు దొంగ, ఒకడు కవి, అది పుట్టుకతో వచ్చిన అమరిక అంటుంది. ఇటువంటి మాటకు శ్రోతలు దొరుకుతారు గాని కొనేవారు ఎక్కువమంది దొరకరు. దాన్ని కొనుక్కోదగిన సరుకుగా మార్చినవాడు స్పుర్జైమ్. అతను ‘హత్య’, ‘దొంగతనం’ అనే అవయవాల పేర్లు తీసేశాడు. ఏ శక్తీ స్వతహాగా చెడ్డది కాదని, మితి మీరినప్పుడో వక్రించినప్పుడో మాత్రమే చేటు చేస్తుందని బోధించాడు. దొంగతనపు అవయవం ఆస్తి కూడబెట్టే గుణమైంది, హత్య అవయవం విధ్వంస గుణమైంది. శక్తుల సంఖ్య 35 దాకా పెరిగింది. అన్నింటికన్నా ముఖ్యంగా, వాడుక వల్ల అవయవం పెరుగుతుందని, అణచిపెడితే తగ్గుతుందని అతను చెప్పాడు. దాంతో తల చూపించుకోవడం అనేది జబ్బు తెలుసుకుని మందు తీసుకోవడంలా మారింది. ఫ్రెనాలజీ అన్న పేరు వాడుకలోకి వచ్చింది కూడా ఈ దశలోనే. గాల్ ఆ పేరును ఎన్నడూ ఒప్పుకోలేదు.

స్పుర్జైమ్ 1814లో బ్రిటన్ వెళ్లాడు. మరుసటి ఏడు ఎడిన్‌బరో రివ్యూ అనే పేరుమోసిన పత్రిక ఈ విద్యను కటువుగా ఖండించింది. 1816లో అతను ఎడిన్‌బరో వచ్చి, ఆ పత్రికను పక్కన పెట్టుకుని సభ ముందు మెదడును కోసి చూపించాడు. అది చూసి ఆకర్షితుడైన న్యాయవాది జార్జ్ కూంబ్ 1820లో ఎడిన్‌బరో ఫ్రెనాలజీ సంఘాన్ని స్థాపించినవారిలో ముఖ్యుడయ్యాడు. 1828లో కూంబ్ రాసిన ‘ద కాన్‌స్టిట్యూషన్ ఆఫ్ మ్యాన్’ మూడు దశాబ్దాల్లో సుమారు లక్ష ప్రతులు అమ్ముడైంది. ప్రకృతికి నియమాలున్నాయని, వాటిని తెలుసుకుని తన శక్తులను సమతూకంలో పెట్టుకున్నవాడే సుఖపడతాడని ఆ పుస్తకం చెబుతుంది. పుట్టుకతో వచ్చే కులీనతతో పని లేకుండా ఎదగవచ్చన్న మాట కొత్తగా పట్నాలకు చేరిన చేతివృత్తులవారికి, గుమాస్తాలకు నచ్చింది. వారి చదువుల సంఘాల్లో ఫ్రెనాలజీ ఉపన్యాసాలకు హాళ్లు నిండేవి.

ఆదరణ కిందితరగతులకే పరిమితం కాలేదు. విక్టోరియా రాణి పిల్లల తలలను 1846లో కూంబ్ పరీక్షించాడు. నవలా రచయిత్రి జార్జ్ ఇలియట్ 1844లో తన తలకు అచ్చు తీయించుకుంది. షార్లెట్ బ్రాంటీ 1851లో మారుపేరుతో లండన్‌లో ఒక నిపుణుడికి తల చూపించుకుంది. ఈ విద్య వల్ల కొంత మేలూ జరిగింది. పిచ్చి అనేది దయ్యం పట్టడం కాదు, మెదడుకు వచ్చిన వ్యాధి అని ఫ్రెనాలజీ అనుచరులు గట్టిగా వాదించారు. నేరస్తుడిని దండించడం కన్నా మార్చడం మేలని, పిల్లల చదువు వాళ్ల స్వభావాన్ని బట్టి ఉండాలని అన్నారు. అమెరికా విద్యా సంస్కర్త హొరేస్ మన్ కూంబ్ మీద అభిమానంతో తన కొడుక్కి అతని పేరు పెట్టుకున్నాడు. ఆధారం తప్పయినా దాని పేరుతో జరిగే పని మంచిది కావచ్చు. జనం మాత్రం ఆ మంచి పనిని చూసే ఆధారం కూడా నిజమని అనుకున్నారు.

ఫౌలర్ సోదరుల దుకాణం

1832లో స్పుర్జైమ్ అమెరికా వెళ్లి, కొద్ది నెలల ఉపన్యాసాల తర్వాత ఆ నవంబరులో బోస్టన్‌లో జబ్బుపడి చనిపోయాడు. అంత్యక్రియలు ఘనంగా జరిగాయి. అతను నాటిన విత్తనం అమెరికాలో వ్యాపారమై మొలిచింది. ఆమ్‌హర్స్ట్ కళాశాలలో చదువుకుంటున్న ఆర్సన్ ఫౌలర్ తోటి విద్యార్థుల తలలు చూసి రెండేసి సెంట్లు తీసుకునేవాడు. 1830ల మధ్యలో అతనూ, తమ్ముడు లొరెంజో కలిసి పూర్తిగా ఈ వృత్తిలోకే దిగారు. న్యూయార్క్‌లో క్లింటన్ హాల్ అనే భవనంలో వాళ్ల కార్యాలయం నడిచింది. చెల్లెలు షార్లెట్, ఆమె భర్త శామ్యూల్ వెల్స్ చేరాక సంస్థ ఫౌలర్స్ అండ్ వెల్స్ అయింది. 1838లో మొదలైన ‘అమెరికన్ ఫ్రెనలాజికల్ జర్నల్’ 1911 దాకా వెలువడింది. అన్నలిద్దరూ ఊళ్లు తిరుగుతుంటే న్యూయార్క్ సంస్థను దశాబ్దాల పాటు నిలబెట్టింది షార్లెటే. లొరెంజో భార్య లిడియా 1850లో వైద్యపట్టా పొంది, అమెరికాలో ఆ పట్టా అందుకున్న రెండో మహిళ అయింది.

దుకాణం నడిచే తీరులో మంచి వ్యాపార దక్షత కనిపిస్తుంది. ముందు గదిలో పేరుమోసిన నాయకుల, కవుల, హంతకుల తలల అచ్చులు వరుసగా ఉండేవి. వాటిని ఊరికే చూడవచ్చు. తన తల చూపించుకోవాలంటే రుసుము కట్టాలి. పరీక్షకుడు మొదట వచ్చినవారి శరీర తత్వం, నడక, మాట తీరు గమనిస్తాడు. టేపుతో తల చుట్టుకొలత తీసుకుంటాడు. తర్వాత వేళ్ల కొసలతో ఒక్కో భాగం తడుముతూ అంకెలు చెబుతుంటే సహాయకుడు రాసుకుంటాడు. ఫౌలర్ల పుస్తకంలో సంతాన ప్రేమ, స్నేహభావం, జాగ్రత్త, ఆత్మగౌరవం, పొగడ్త మీద ఆశ, దయ, లెక్కల నేర్పు వంటి ప్రతి గుణానికీ సాధారణంగా 1 నుంచి 7 వరకు కొలత ఉండేది. ఆ అంకె ఎంత ఉంటే ఏం చేయాలో అచ్చువేసిన పేజీలు ఉండేవి: ఈ గుణాన్ని పెంచుకోవాలి, ఆ గుణాన్ని అదుపులో పెట్టుకోవాలి. డబ్బు ఎక్కువిస్తే వివరంగా రాసిన స్వభావ పత్రం, ఏ వృత్తి తగునో, ఎలాంటి జోడీ తగునో సలహా కూడా దొరికేవి. కొందరు యజమానులు పనివాళ్లను తీసుకునే ముందు ఈ పత్రం అడిగేవారు.

ఇంటికి వెళ్లేవాడి చేతిలో మూడు వస్తువులు ఉండేవి: తన పేరున్న ఒక పత్రం, దానిలో శాస్త్రీయంగా కనిపించే అంకెలు, రేపటి నుంచి చేయాల్సిన పనుల జాబితా. ఆ తర్వాతి కాలపు వ్యక్తిత్వ వికాస పుస్తకాలూ, స్వభావ పరీక్షలూ దాదాపు ఇదే పొట్లాన్ని వేర్వేరు కాగితాల్లో చుట్టి అమ్మాయి.

ఆ పత్రం మనుషుల మీద ఎంత గాఢంగా పనిచేసేదో రెండు జీవితాల్లో కనబడుతుంది. కవి వాల్ట్ విట్‌మన్ 1849 జులైలో లొరెంజోకు తల చూపించుకున్నాడు. చాలా గుణాల్లో అతనికి పెద్ద అంకెలు వచ్చాయి. విట్‌మన్ ఆ పత్రాన్ని జాగ్రత్తగా దాచుకుని, తన కవితల ప్రచారంలో అచ్చు వేసుకున్నాడు. 1855లో అతని ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ తొలి ముద్రణను అమ్మిపెట్టింది, మరుసటి ఏడు రెండో ముద్రణను తన పేరు వేసుకోకుండా ప్రచురించింది ఈ సంస్థే. రెండో జీవితం అమెరికన్ రెడ్‌క్రాస్‌ను స్థాపించిన క్లారా బార్టన్‌ది. చిన్నప్పుడు ఆమె విపరీతమైన బిడియస్తురాలు. వాళ్ల ఇంట్లో బస చేసిన లొరెంజో, ఈ పిల్ల తన కోసం ఎప్పుడూ నోరు విప్పదు గాని ఇతరుల కోసం దేనికైనా తెగిస్తుంది, బడిపంతులమ్మను చేయండి అని తల్లికి చెప్పాడు. బార్టన్ ఆ సలహా ప్రకారమే పంతులమ్మ అయింది, జీవితాంతం ఆ మాటను తలుచుకుంది. నిజానికి ఆ పిల్లను కొన్నాళ్లు ఇంట్లో చూసినవాడికి అది చెప్పడానికి పుర్రె తడమాల్సిన పని లేదు. సలహా మంచిదే, దాని ఘనత మాత్రం చూసిన కళ్లకు కాకుండా తడిమిన వేళ్లకు దక్కింది.

ఖండనలు, తప్పించుకునే దారులు

ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త పియర్ ఫ్లూరెన్స్ 1820ల్లో పక్షుల, జంతువుల మెదడు భాగాలను తొలగించి ఫలితాలు పరిశీలించాడు. గాల్ చెప్పినట్లు చిన్న చిన్న అవయవాలుగా మనసు విడిపోలేదు. 1842లో ఫ్రెనాలజీని ఖండిస్తూ అతను పుస్తకమే రాశాడు. ఎడిన్‌బరో తత్వవేత్త విలియం హామిల్టన్ నుదుటి ఎముకలో ఉండే గాలి గదులను ఎత్తిచూపాడు. కనుబొమల దగ్గరి ఉబ్బుకు కారణం ఆ ఖాళీలే కావచ్చు, వాటి వెనుక మెదడు ఉబ్బి ఉండనక్కరలేదు. 1861లో పాల్ బ్రోకా, మాట పడిపోయిన రోగి మెదడులో ఎడమ ముందు భాగం దెబ్బతిని ఉండటాన్ని చూపించాడు. మెదడులో వేర్వేరు పనులకు వేర్వేరు చోట్లు ఉంటాయన్న గాల్ ఆలోచనకు ఒక రకంగా బలం చేకూరింది. అయితే ఆ చోటు గాల్ చెప్పిన చోటు కాదు, దాన్ని బయటినుంచి తడిమి తెలుసుకోనూ లేరు. ఈ ప్రశ్నను ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2018లో మళ్లీ తీసుకుని, సుమారు 6 వేల మంది ఎంఆర్‌ఐ చిత్రాలతో తల ఉపరితలాన్ని కొలిచి, ఆ మనుషుల అలవాట్లతో, సామర్థ్యాలతో పోల్చి చూశారు. ఫ్రెనాలజీ చెప్పిన సంబంధాలు ఏవీ కనిపించలేదు.

1840ల నాటికే వైద్యులు చాలామంది ఫ్రెనాలజీని వదిలేశారు. జనం వదలలేదు. దానికి ఒక కారణం సిద్ధాంతం అల్లికలోనే ఉంది. విధ్వంస గుణం పెద్దదిగా ఉన్నవాడు సాధువైతే, దయ దాన్ని అణచిందంటారు. దయ పెద్దదిగా ఉన్నవాడు హంతకుడైతే, చెడు సావాసం దాన్ని నిద్రపుచ్చిందంటారు. ముప్పై అయిదు గుణాలు ఒకదాన్నొకటి లాగుతూ ఉంటే, ఏ ఫలితానికైనా ఏదో ఒక జోడింపు దొరుకుతుంది. దేన్నయినా వివరించగల సిద్ధాంతాన్ని ఓడించే అనుభవం అంటూ ఉండదు. పండితులకు ఇది లోపంగా కనిపించింది. మామూలు మనిషికి ఇదే బలంగా, ఎప్పుడూ తప్పని శాస్త్రంగా తోచింది.

ఈ లోపాన్ని తేలికైన ఉపాయంతో బయటపెట్టినవాడు మార్క్ ట్వైన్. 1870ల ఆరంభంలో అతను లండన్‌లో ఉన్నప్పుడు, 1860ల నుంచి అక్కడే స్థిరపడిన లొరెంజో ఫౌలర్ దగ్గరికి మారుపేరుతో వెళ్లాడు. ఆత్మకథలో ట్వైన్ చెప్పిన ప్రకారం, హాస్య గుణం ఉండాల్సిన చోట ఫౌలర్‌కు ఉబ్బుకు బదులు గుంట కనబడింది. హాస్యం అసలే లేదనడానికి అది గుర్తన్నాడట. కొన్ని నెలలు ఆగి, ఈసారి అసలు పేరుతో వెళితే గుంట మాయమై దాని స్థానంలో ఎవరెస్టు శిఖరమంత ఎత్తు కనిపించింది. హాస్యం కోసం ట్వైన్ కొంత పెంచి చెప్పి ఉండవచ్చు. కానీ ఆ ఉపాయం సరైనది. ఎవరి తలో తెలియనప్పుడు చెప్పిన మాటనూ, తెలిసినప్పుడు చెప్పిన మాటనూ పక్కపక్కన పెడితే వేళ్లకు తెలిసిందెంత, చెవులకు తెలిసిందెంత అన్నది తేలిపోతుంది. ఆ వృత్తిలో వందేళ్ల పాటు ఇలాంటి పరీక్షను ఒక పద్ధతిగా ఎవరూ పెట్టుకోలేదు.

భారతీయుల పుర్రెలు

తన గురించి తెలుసుకోవడానికి వాడినప్పుడు ఫ్రెనాలజీ మర్యాదగా మాట్లాడింది. ఇతరుల గురించి చెప్పడానికి వాడినప్పుడు దాని గొంతు మారింది. జార్జ్ మరే ప్యాటర్సన్ అనే వైద్యుడు హిందువుల తలల మీద రాసిన వ్యాసాన్ని ఎడిన్‌బరో సంఘం 1824లో ప్రచురించింది. 1825లో అతను కలకత్తాలో ఫ్రెనాలజీ సంఘం పెట్టాడు. ఇంత విశాల దేశాన్ని కొద్దిమంది ఆంగ్లేయులు ఏలగలగడానికి కారణం ఇక్కడివారి తలలు చిన్నవి కావడమేనని కూంబ్ రాశాడు. జయించినవాడి తలను కొలబద్దగా పెట్టుకున్నాక అలాంటి ముగింపు రాకుండా ఉండదు.

1830ల ఆరంభంలో మధ్య భారతంలోని సాగర్‌లో ఉరితీసిన, దారిదోపిడీ హంతకులుగా పేరుపడ్డ థగ్గుల పుర్రెలు ఏడింటిని హెన్రీ స్ప్రై అనే వైద్యుడు సంపాదించి ఎడిన్‌బరోకు పంపాడు. అవి ఎవరి పుర్రెలో, వాళ్లు ఏం చేశారో అక్కడివారికి ముందే తెలుసు. విధ్వంస అవయవం అనుకున్నంత పెద్దగా కనిపించకపోవడంతో, ఆచారం, మూఢనమ్మకం, డబ్బాశ కలిసి వాళ్లను హంతకులుగా మార్చాయని వివరించారు. పుర్రె సరిపోతే పుర్రె సాక్ష్యం, సరిపోకపోతే సమాజం సాక్ష్యం. సిద్ధాంతం మాత్రం చెక్కుచెదరలేదు. అమెరికాలో శామ్యూల్ మోర్టన్ 1839లో తెచ్చిన పుర్రెల గ్రంథానికి కూంబ్ అనుబంధ వ్యాసం రాశాడు. జాతులకు హెచ్చుతగ్గులు కట్టే వాదాలకు, నల్లవారి బానిసత్వాన్ని సమర్థించేవారికి ఇలాంటి కొలతలు ఆయుధాలయ్యాయి. కూంబ్ స్వయంగా బానిసత్వాన్ని వ్యతిరేకించినా, తెల్లవారి తలనే పై మెట్టున నిలిపాడు.

అదే విద్యను భారతీయులు మరోలా అందుకున్నారు. 1840ల్లో కలకత్తాలో కాళీకుమార్ దాస్ వంటి బెంగాలీ విద్యావంతులు ఫ్రెనాలజీని స్వయంగా అభ్యసించి, సంఘం పెట్టి, తమను తాము తీర్చిదిద్దుకునే సాధనంగా ప్రచారం చేశారు. శరీర లక్షణాలు చూసి ఫలితం చెప్పే సాముద్రికం అంతకు ముందే ఇక్కడ ఉంది. సాముద్రికం ప్రధానంగా భవిష్యత్తు చెబితే, ఈ కొత్త విద్య స్వభావం చెప్పి దాన్ని మార్చుకునే దారి చూపుతానంది. ఏలేవాడు మెట్లు కట్టడానికి వాడిన కొలతనే, ఏలుబడిలో ఉన్నవాడు మెట్లెక్కడానికి వాడుకోవాలని చూశాడు.

యంత్రం, ఆ తర్వాత వేలిముద్ర

లొరెంజో చొరవతో 1880ల్లో ఏర్పడిన బ్రిటిష్ ఫ్రెనలాజికల్ సొసైటీ 1967లో రద్దయ్యే వరకు కొనసాగింది. 20వ శతాబ్దం వచ్చేసరికి జనానికి వేళ్ల కన్నా యంత్రాల మీద నమ్మకం పెరిగింది. అమెరికాలోని మినియాపొలిస్‌లో హెన్రీ లావరీ అనేవాడు ఏళ్ల తరబడి శ్రమించి 1930ల ఆరంభంలో సైకోగ్రాఫ్ అనే యంత్రాన్ని తయారుచేశాడు. తలమీద దింపే లోహపు టోపీ, 1,954 భాగాలు, 32 గుణాలు, ఒక్కో గుణానికి అయిదు స్థాయిలు. మీట నొక్కితే తల కొలిచి, స్వభావాన్ని కాగితపు పట్టీ మీద అచ్చు వేసి ఇస్తుంది. సుమారు 33 యంత్రాలు తయారయ్యాయి. సినిమా హాళ్లు, పెద్ద దుకాణాలు వాటిని అద్దెకు తీసుకున్నాయి. 1934లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో దాని ముందు జనం బారులు తీరారు. కొన్నేళ్లకే మోజు తీరి సంస్థ మూతపడింది. మనిషి చెబితే సందేహించే మాటను యంత్రం అచ్చువేసి ఇస్తే నమ్మడం అప్పటి జనంలోనూ ఉంది.

అదే మినియాపొలిస్‌లో, మినసోటా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి వృత్తులను పరీక్షకు పెట్టేవాడు. జుట్టు రంగును బట్టి ఉద్యోగికి స్వభావం అంటగట్టే పద్ధతి అప్పట్లో అమెరికా కంపెనీల్లో చలామణిలో ఉండేది. ప్యాటర్సన్ సహ రచయితతో కలిసి 1922లో దాన్ని పరిశీలించి, నల్లజుట్టువారికీ బంగారు జుట్టువారికీ చెప్పే గుణాల్లో తేడా లేదని చూపాడు.

కొనేవాడి మనసును నేరుగా పరీక్షించినది 1948లో మనస్తత్వ శాస్త్రవేత్త బెర్‌ట్రమ్ ఫోరర్. తన తరగతిలో 39 మంది విద్యార్థులకు ఒక స్వభావ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఒక్కొక్కరికీ వారి ఫలితం అంటూ ఒక వివరణ ఇచ్చాడు. అది ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటు 4.3 వచ్చింది. తర్వాత చూస్తే అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం. అందులోని వాక్యాలను ఫోరర్ చాలావరకు బజారులో దొరికే జ్యోతిషం పుస్తకం నుంచి తీసుకున్నాడు. ఇతరులు మెచ్చుకోవాలని కోరిక ఉంటుందనీ, బయటికి నిబ్బరంగా కనిపించినా లోపల బెరుకు ఉంటుందనీ, వాడుకోని శక్తి చాలా ఉందనీ చెప్పే వాక్యాలవి. ఎవరికి చెప్పినా సరిపోతాయి. వినేవాడు మాత్రం తన జీవితంలోంచి ఉదాహరణలు తెచ్చి ఆ మాటలకు జోడించుకుని, ఇది నా గురించే అనుకుంటాడు. 1956లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ మీల్ ఈ గుణానికి బార్నమ్ ప్రభావం అనే పేరును ప్రచారంలోకి తెచ్చాడు. ఆ పేరు పెట్టింది ప్యాటర్సనేనని చెప్పాడు. ఫౌలర్ల కాలంలో అదే న్యూయార్క్‌లో వింతల ప్రదర్శనశాల నడిపి, అందరికీ ఏదో ఒకటి చూపించగల దిట్టగా పేరుపడ్డ పి.టి. బార్నమ్ పేరు అది.

ఫోరర్ ఫలితంతో ఫౌలర్ల గదిలో జరిగింది అర్థమవుతుంది. పత్రంలో పొగడ్త ఎక్కువ, చురక తక్కువ, అదీ సరిదిద్దుకోగల చురక. ఒట్టి పొగడ్త అయితే అనుమానం వస్తుంది. రెండు లోపాలు చెబితే నిజాయతీగా చెప్పినట్లుంటుంది. పత్రం తనకోసమే తయారైందన్న నమ్మకం, చెప్పేవాడికి శాస్త్రజ్ఞుడి హోదా, కట్టిన రుసుము ఇవన్నీ కలిసి సరిపోయిందన్న భావన కలిగిస్తాయి. పరీక్షకుడు అందరూ అనుకున్నంత మోసగాడు కానక్కరలేదు. వచ్చేవాళ్లంతా సరిగ్గా చెప్పారంటూ తృప్తిగా వెళుతుంటే అతని నమ్మకమూ ఏటికేడు బలపడుతుంది. ఒకరి నమ్మకాన్ని ఒకరు పోషించుకున్న ఈ బంధమే వృత్తిని వందేళ్లు నిలిపింది.

ఫ్రెనాలజీ దుకాణాలు మూతపడ్డా గిరాకీ పోలేదు. చేతిరాతను బట్టి స్వభావం చెప్పేవారు, నాలుగు అక్షరాల వ్యక్తిత్వ వర్గాలు, రంగుల పరీక్షలు ఆ చోటును పంచుకున్నాయి. భారతదేశంలో ఇటీవలి వారసుడు డీఎంఐటీ అనే వేలిముద్రల పరీక్ష. పిల్లల వేలిముద్రలను స్కాన్ చేసి, మెదడులో ఏ తెలివి ఎంత ఉందో, ఇంజనీరింగ్ తగునో వైద్యం తగునో శాతాలతో చెబుతామంటారు. హైదరాబాద్ వంటి నగరాల్లో ఈ పరీక్షలు తల్లిదండ్రులకు అమ్ముతున్నారు. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని భారతీయ మానసిక వైద్యుల సంఘం ప్రకటించింది. పుర్రె ఉబ్బు స్థానంలో వేలి గీత వచ్చింది. అంకెలు, పేజీల కొద్దీ వివరణ, పెంచుకోవాల్సిన గుణాల జాబితా ఫౌలర్ల పత్రంలో ఉన్నట్లే ఉన్నాయి.

ఈ చరిత్ర మనిషి ప్రవర్తన గురించి తేల్చిన విషయాలు తక్కువేమీ కావు. తనను ఎవరో పూర్తిగా అర్థం చేసుకున్నారన్న భావనకు మనిషి డబ్బు ఇస్తాడు. చెప్పిన మాట సరిపోయిన సందర్భాలను గుర్తుంచుకుంటాడు, సరిపోనివి మరుస్తాడు. అంకెలకూ యంత్రాలకూ మనిషి మాటకన్నా ఎక్కువ విలువిస్తాడు. తన గురించి చెప్పినప్పుడు ఆశ పెంచే సిద్ధాంతాన్నే, ఇతరుల గురించి చెప్పేటప్పుడు వాళ్లను కింది మెట్టున ఉంచడానికి వాడుకుంటాడు. ఇలాంటి విద్యల్లో నిజమైనదేదో, కల్పితమేదో గుర్తించడానికి ‘నాకు సరిపోయిందా’ అన్న ప్రశ్న పనికిరాదు. దానికి అవునన్న జవాబు దాదాపు ఎప్పుడూ వస్తుంది. పేర్లు తీసేసి పది మంది స్వభావ పత్రాలు కలిపి పెడితే ఎవరి పత్రాన్ని వాళ్లు గుర్తుపట్టగలరా, ఒకే మనిషిని ఎవరో తెలియకుండా ఇద్దరు నిపుణులు వేర్వేరుగా చూస్తే ఒకే మాట చెబుతారా, చెప్పిన మాట ఆ తర్వాతి ప్రవర్తనలో నిలుస్తుందా అన్నవే అసలు పరీక్షలు. ఫ్రెనాలజీ వీటిలో ఏ ఒక్కదాన్నీ దాటలేదు. నేటి స్వభావ పరీక్షలను తూచడానికీ ఇవే తూనికరాళ్లు.